క్యాన్సర్ మందు పక్కన గ్యాస్ మాత్ర

మా పిన్ని మందులన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉంటాయి. ఎవరి పెళ్లిలోనో పంచిన డబ్బా అది, మూత మీద చెక్కిన పేర్లు సగం అరిగిపోయాయి. పిన్ని నల్గొండలో టీచరుగా పనిచేసి రిటైరైంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక చికిత్స కోసం హైదరాబాద్ వచ్చి, రామంతాపూర్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ డబ్బాను బల్ల మీద బోర్లించి, ఒక్కో మందు పేరూ కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. కొన్నింటికి పేరే లేదు. మందుల షాపులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి ఇచ్చినప్పుడు, పేరున్న ముక్క ఇంకెవరి ఇంటికో వెళ్లిపోయింది. రంగునూ ఆకారాన్నీ పాత చీటీలతో పోల్చి చూసి, చివరికి తొమ్మిది రకాలని తేల్చాను. ఆస్పత్రి ఫైల్లో ఉన్నవి నాలుగు.

క్యాన్సర్‌కు ఎర్లోటినిబ్, షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఒకటి, కొలెస్ట్రాల్‌కు ఒకటి. ఇవీ ఆ నాలుగు. ఫైల్లో లేనివి ఐదు: నల్గొండ డాక్టరు ఎప్పుడో రాసిన చిన్న ఆస్పిరిన్, ఆరేళ్ల కిందట మోకాళ్ల నొప్పుల మాత్రలకు తోడుగా మొదలైన గ్యాస్ మాత్ర, కాల్షియం, పక్కింటావిడ ఇచ్చిన పసుపు-మిరియాల క్యాప్సూళ్లు, జలుబుకని కొన్న యాంటీబయాటిక్‌లో మిగిలిన మూడు మాత్రలు. మోకాళ్ల మాత్రలను పిన్ని నాలుగేళ్ల కిందటే ఆపేసింది. వాటి వల్ల కడుపులో మంట రాకూడదని ఇచ్చిన గ్యాస్ మాత్ర మాత్రం ఆగలేదు. పొద్దున లేవగానే అది, అరగంటకు క్యాన్సర్ మాత్ర, ఆ తర్వాత గంటకు కాఫీ.

ఎర్లోటినిబ్ కరిగి ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. గ్యాస్ మాత్ర చేసే పని ఆ ఆమ్లాన్ని ఊరనివ్వకపోవడమే. రెండింటినీ కలిపి ఇచ్చి కొలిచినప్పుడు, ఒమెప్రజోల్ తోడైతే రక్తంలోకి చేరే ఎర్లోటినిబ్ 46 శాతం తగ్గిందని, గరిష్ఠ స్థాయి 61 శాతం పడిపోయిందని తేలింది. ఇది ఎక్కడో మూలన దాగిన సమాచారం కాదు. ఆ మందు తయారీదారు ఇచ్చే అధికారిక సమాచార పత్రంలోనే ఈ రెండూ కలిపి వాడవద్దని ఉంది. అంటే పిన్ని రోజూ మింగుతున్నది పూర్తి మాత్రే అయినా, ఒంటికి పడుతున్నది సగానికి కాస్త అటూ ఇటూ అయి ఉండవచ్చు. మూడు నెలల్లో ఆస్పత్రిలో ఎవరూ ఆ డబ్బా సంగతి అడగలేదు. మాకూ చెప్పాలని తోచలేదు. గ్యాస్ మాత్ర కూడా ఒక మందేనని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

సరిగ్గా అదే వారం బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. షుగరు మాత్రే క్యాన్సర్‌ను అణచివేస్తుందట, కంపెనీలు ఆ సంగతి దాచిపెడుతున్నాయట. పిన్ని ఎలాగూ మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది కాబట్టి అందరూ సంతోషించారు. ఒకే డబ్బాలో ఒక మాత్ర మీద అంత ఆశ, ఇంకో మాత్ర మీద ఏమాత్రం జాగ్రత్త లేకపోవడం. మామూలు మందులు క్యాన్సర్ చికిత్స ఫలితాన్ని మారుస్తాయా అంటే, మారుస్తాయి. కాకపోతే మనం ఆశగా చూస్తున్న వైపు కంటే, అసలు చూడని వైపే ఆ మార్పు ఎక్కువగా జరుగుతోందన్నది, ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చదివాక నాకు కలిగిన అభిప్రాయం.

ముందుగా ఆశ సంగతి చూద్దాం. మెట్‌ఫార్మిన్ మీద అంత నమ్మకం ఊరికే పుట్టలేదు. 2005లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు అక్కడి షుగరు రోగుల రికార్డులు తిరగేసి, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని రాశారు. దానికి తగిన కారణాలూ ఉన్నాయి. ఆ మందు రక్తంలో ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది, ఇన్సులిన్ ఎక్కువైతే కొన్ని రకాల కణితులు త్వరగా పెరుగుతాయి. ప్రయోగశాలలో కణాల మీద కూడా మంచి ఫలితాలే వచ్చాయి. తర్వాత పదేళ్లలో ఇలాంటి అధ్యయనాలు కుప్పలుగా వచ్చాయి. రొమ్ము, పెద్దపేగు, ప్రోస్టేట్, క్లోమం, ఏ క్యాన్సర్ తీసుకున్నా మెట్‌ఫార్మిన్ వాడినవారే ఎక్కువకాలం బతికినట్టు లెక్కలు చూపించాయి.

ఆ లెక్కల్లో ఒక పెద్ద లొసుగు ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు 80 ఏళ్లు దాటాక సహస్ర చంద్ర దర్శనం చేస్తాం. వెయ్యి పున్నములు చూసినందుకు చేసే వేడుక అది. ఇప్పుడు ఎవరైనా ఆ వేడుక జరిగినవారినీ జరగనివారినీ విడదీసి, ఎవరు ఎంతకాలం బతికారని లెక్కగట్టారనుకోండి. వేడుక జరిగినవారి సగటు ఆయుష్షు చాలా ఎక్కువగా వస్తుంది. అంతమాత్రాన ఆ వేడుక ఆయుష్షు పెంచిందని ఎవరమూ అనం. 80 ఏళ్లు బతికితేనే కదా ఆ వేడుక జరిగేది. మెట్‌ఫార్మిన్ అధ్యయనాల్లో చాలావరకు జరిగింది ఇదే. క్యాన్సర్ బయటపడ్డాక ఎప్పుడైనా ఆ మందు చీటీ రాయించుకున్నవారందరినీ మొదటి రోజు నుంచే 'వాడినవారు' కింద లెక్కించారు. మూడో ఏట చీటీ రాయించుకోవాలంటే మూడో ఏటి దాకా బతికి ఉండాలి. మధ్యలో చనిపోయినవారంతా తమంతట తామే 'వాడనివారు' అనే గుంపులోకి వెళ్లిపోయారు. శాస్త్రవేత్తలు దీన్ని చావులేని కాలపు పక్షపాతం అంటారు. కెనడాకు చెందిన సామీ సుయిస్సా, లారాన్ అజూలే 2012లో ఈ అధ్యయనాలను ఒక్కొక్కటిగా విప్పి, అద్భుతమైన ఫలితాలు చూపినవాటిలోనే ఈ లోపం ఎక్కువగా ఉందని చూపించారు.

దీనికి తేల్చి చెప్పే పద్ధతి ఒకటే. రోగులను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఏళ్ల తరబడి వేచి చూడాలి. రొమ్ము క్యాన్సర్ విషయంలో కెనడా వైద్యురాలు పమేలా గుడ్విన్ బృందం ఆ పని చేసింది. నాలుగు దేశాల్లో 3,649 మంది, ఎవరికీ షుగరు లేదు, రోజుకు రెండుసార్లు 850 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు. 2022లో ఫలితం వచ్చింది. హార్మోన్ గ్రాహకాలున్న, అంటే హార్మోన్లతో పెరిగే రకం క్యాన్సర్లలో, ఏడాదికి వందమందిలో వ్యాధి తిరగబెట్టడం వంటి ఘటనలు మెట్‌ఫార్మిన్ గుంపులో 2.78, ఉత్తుత్తి మాత్ర గుంపులో 2.74. తేడా లేదు. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో బ్రిటన్ చేసిన పెద్ద ట్రయల్‌లో కూడా ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. కాబట్టి వాట్సాప్ వీడియో చూసి షుగరు లేనివారు ఆ మాత్ర మొదలుపెట్టవలసిన అవసరం లేదు. షుగరున్నవారు మానవలసిన అవసరం అంతకన్నా లేదు. షుగరు అదుపులో లేకపోతే కీమో మధ్యలో ఇన్ఫెక్షన్లు ఎంత వేధిస్తాయో చూసినవారికి తెలుసు.

కొలెస్ట్రాల్ మాత్రలైన స్టాటిన్ల కథా దాదాపు ఇంతే, కారణం మాత్రం వేరు. తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవారిని తీసుకోండి. వారిలో చాలామంది ఏటా రక్త పరీక్షలు చేయించుకుంటారు, సిగరెట్ ముట్టరు, డాక్టరు చెప్పిన మాత్ర మానరు. స్టాటిన్ రోజూ తప్పకుండా వేసుకునేవారు కూడా చాలావరకు ఇలాంటివారే. వారు ఎక్కువకాలం బతికితే అందులో మాత్ర వాటా ఎంతో, అలవాట్ల వాటా ఎంతో రికార్డుల నుంచి విడదీయడం కష్టం. బ్రిటన్‌లో ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 846 మందిపై కీమోతో పాటు ప్రావాస్టాటిన్ ఇచ్చి చూశారు. ఏ లాభమూ కనబడలేదు. గుండె కోసం రాసిన మందు గుండె కోసం వాడుకోవడమే సరైనది.

ఆస్పిరిన్ దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరుగుతుంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ భాగమే, ఎందుకంటే ఇక్కడ 'పనిచేస్తుందా' అన్న ప్రశ్నే తప్పని తెలిసివచ్చింది. పుట్టుకతోనే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉండే లించ్ సిండ్రోమ్ అనే జన్యు లోపం ఉంది. ఆ లోపం ఉన్న 861 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ సగటున రెండేళ్లకు పైగా ఇచ్చారు. పదేళ్లు దాటాక చూస్తే ఆస్పిరిన్ గుంపులో 9 శాతం మందికి, రెండో గుంపులో 13 శాతం మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. మందు ఆపిన చాలా ఏళ్లకు కూడా రక్షణ నిలిచింది. ఇక్కడితో ఆగితే అందరం ఆస్పిరిన్ వేసుకోవచ్చు. కానీ ఆస్ట్రేలియా, అమెరికాలలో ఆరోగ్యంగా ఉన్న 19,114 మంది వృద్ధులపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకు 100 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో క్యాన్సర్ మరణాలు 3.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2.3 శాతం. తగ్గుతాయనుకున్నవి పెరిగాయి. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన 3,020 మందిపై అమెరికా, కెనడాలలో జరిగిన ఇంకో ట్రయల్ 2024లో ముగింపు ప్రకటించింది. రోజుకు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వ్యాధి తిరగబెట్టకుండా ఆపలేదు.

ఆ తర్వాత 2025లో స్కాండినేవియా దేశాల నుంచి వచ్చిన ఫలితం ఈ గందరగోళాన్ని చాలావరకు విప్పింది. స్వీడన్ సర్జన్ అన్నా మార్ట్‌లింగ్ నడిపిన ఆ పరిశోధనలో మూడున్నర వేల మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితులకు ముందుగా జన్యు పరీక్ష చేశారు. కణాలను పెరగమని చెప్పే పీఐ3కే అనే సంకేతాల దారిలో జన్యు మార్పులున్న కణితులు 37 శాతం మందిలో కనిపించాయి. వారిలో 626 మందిని ట్రయల్‌లోకి తీసుకుని, సగంమందికి ఆపరేషన్ తర్వాత మూడేళ్లు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. ఆ దారిలో బాగా తెలిసిన మార్పు ఉన్నవారిలో, మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టినవారు ఆస్పిరిన్ గుంపులో 7.7 శాతం, మరో గుంపులో 14.1 శాతం. అంటే దాదాపు సగానికి తగ్గింది. చిల్లర డబ్బులకు దొరికే మాత్ర, కానీ ఎవరికి ఇవ్వాలో చెప్పే పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష లేకుండా అందరికీ పంచితే కొందరికి మేలు, చాలామందికి ఏమీ కాదు, మరికొందరికి కడుపులో రక్తస్రావం. కీమో నడుస్తున్నప్పుడు రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అలాంటప్పుడు ఆస్పిరిన్ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మన ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రితో సహా భారత్, బ్రిటన్, ఐర్లండ్ రోగులతో ఇంకో పెద్ద ఆస్పిరిన్ ట్రయల్ కూడా చేపట్టారు. మన దేశపు రోగులు అందులో ఉండటం నాకు ధైర్యమిచ్చే విషయం.

యాంటీబయాటిక్స్ గురించి కూడా భయపెట్టే లెక్కలు చూశాను. రోగ నిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టడానికి ముందు నెలరోజుల్లో యాంటీబయాటిక్ వాడినవారి మధ్యస్థ ఆయుష్షు 2 నెలలు, వాడనివారిది 26 నెలలు అని బ్రిటన్‌లో 196 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2019లో చెప్పింది. చదవగానే గుండె జారిపోతుంది. కానీ ఆస్పత్రికి అంబులెన్సులో వచ్చినవారిలో మరణాలు ఎక్కువ, ఆటోలో వచ్చినవారిలో తక్కువ అని ఎవరైనా చెబితే, అంబులెన్సును తప్పుపట్టం కదా. యాంటీబయాటిక్ అవసరమైనవారు అప్పటికే నీరసించి, జ్వరంతో, న్యుమోనియాతో ఉన్నవారు. అధ్యయనం చేసినవారు ఆ తేడాలను లెక్కలో సర్దడానికి ప్రయత్నించారు, అయినా రికార్డుల్లో రాయని నీరసాన్ని ఏ లెక్కా పట్టుకోలేదు.

అలాగని ఇది పూర్తిగా లెక్కల మాయ అనలేను. మన పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఇమ్యూనోథెరపీకీ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలున్నాయి. 2021లో అమెరికా, ఇజ్రాయెల్ బృందాలు ఒక సాహసం చేశాయి. చికిత్స పనిచేయని మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల పేగుల్లోకి, అదే చికిత్స బాగా పనిచేసినవారి మలం నుంచి తీసిన సూక్ష్మజీవులను చేర్చి, మళ్లీ అదే మందు ఇచ్చారు. అమెరికాలో 15 మందిలో ఆరుగురికి, ఇజ్రాయెల్‌లో పదిమందిలో ముగ్గురికి ఈసారి మేలు కలిగింది. కాబట్టి నాకు అర్థమైనది ఇది: నిజమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు యాంటీబయాటిక్ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు, కీమో రోగికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. కానీ తుమ్ములకు, గొంతు గరగరకు షాపులో అడిగి మూడు మాత్రలు కొనుక్కునే మన అలవాటు ఇమ్యూనోథెరపీ తీసుకునే మనిషికి అసలే మంచిది కాదు. పిన్ని డబ్బాలోని ఆ మూడు మాత్రలను ఆ రోజే పక్కన పెట్టేశాను.

ఒకే పదార్థం ఒకచోట మేలు, ఒకచోట కీడు ఎలా చేస్తుందో అర్థం కావాలంటే తెలుగువారికి అందరికన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి ఇచ్చే ఆ చిన్న విటమిన్ మాత్రే అది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ కుటుంబానికి చెందిన పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి వేగం పుంజుకున్నట్టు గమనించారు. ఆ విషాదంలోంచే ఒక ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్‌కు మేత అయితే, దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థం క్యాన్సర్‌ను పస్తు పెట్టవచ్చు కదా. సుబ్బారావు బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్ ఆ పని చేసింది. 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో కొంతకాలం పాటు వ్యాధి వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం వచ్చింది, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబంలో పుట్టిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు మూలస్తంభం.

ఇక ఆ విటమిన్ ఇవాళ్టి క్యాన్సర్ వార్డులో ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే పెమెట్రెక్సెడ్ తొలి ట్రయల్స్‌లో దుష్ప్రభావాలు కొందరి ప్రాణాలు తీశాయి. ఫోలిక్ ఆమ్లం, బీ12 ముందు నుంచే ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ముప్పు బాగా తగ్గింది. అందుకే ఇప్పుడు ఆ కీమోకు వారం ముందు నుంచే డాక్టర్లు ఫోలిక్ మాత్ర రాస్తారు. మర్చిపోతే ప్రమాదం. అదే ఫోలిక్ మాత్రను పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు వాడే కేపెసిటాబిన్ మాత్రలతో కలిపి సొంతంగా వేసుకుంటే, ఆ మందు విషప్రభావం పెరిగి విరేచనాలు, నోటిపూత తీవ్రం కావచ్చు. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవారికి మళ్లీ ఇదే ఫోలిక్ మాత్ర రక్షణ. వార్డులో పక్క పక్క మంచాల మీద ఉన్న ఇద్దరిలో ఒకరికి తప్పనిసరైన మాత్ర ఇంకొకరికి హాని చేస్తుంది. పక్క మంచం వారికి రాశారు కదా అని బలానికి మీరూ కొనుక్కోవడం ఎందుకు కూడదో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

విటమిన్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. బీటా కెరోటిన్ క్యాన్సర్‌ను ఆపుతుందన్న నమ్మకంతో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై ట్రయల్ చేస్తే, 1994లో తేలింది ఏమిటంటే, ఆ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు వెళితే ఇలాంటి చవక మాత్రలు టన్నుల కొద్దీ తయారవుతుంటాయి. పేటెంటు గడువు తీరిన మందు క్యాన్సర్‌కు పనికొస్తుందేమో తేల్చడానికి ఏ కంపెనీ కోట్లు పెట్టదు, పెట్టినా తిరిగి రావు. అందుకే ఈ ప్రశ్నలకు జవాబులు ప్రజల సొమ్ముతో, పెద్ద ఆస్పత్రుల పట్టుదలతో రావాలి. వచ్చాయి కూడా. టాటా మెమోరియల్ వైద్యుడు రాజేంద్ర బడ్వే బృందం మన దేశంలోని 11 కేంద్రాల్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు వచ్చిన మహిళలపై ఒక సాదాసీదా ప్రశ్న వేసింది. పంటి డాక్టరు చిగుళ్లకు వేసే మత్తు సూది మందు లిగ్నోకెయిన్‌ను, ఆపరేషన్‌కు పది నిమిషాల ముందు కణితి చుట్టూ ఎక్కిస్తే ఏమవుతుంది? 1,583 మంది వివరాలు చూశారు. ఐదేళ్లకు బతికి ఉన్నవారు సూది వేసిన గుంపులో 90.1 శాతం, వేయని గుంపులో 86.4 శాతం. వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 86.6, 82.6 శాతం. 2023లో ఈ ఫలితం వచ్చాక చాలామంది ఆశ్చర్యపోయారు, కొందరు సందేహించారు. రెండో గుంపుకు ఉత్తుత్తి సూది వేయలేదన్నది న్యాయమైన అభ్యంతరమే. ఇంకోచోట ఎవరైనా మళ్లీ చేసి చూడాల్సిందే. అయినా వందమందిలో మూడు నాలుగు ప్రాణాల తేడా ఇంత చవక మందుతో వచ్చే అవకాశం ఉందంటే, ఆ ట్రయల్ మళ్లీ చేయడానికి ఎవరూ వెనకాడకూడదని నా కోరిక.

పశువులకు వాడే పురుగుల మందుతో క్యాన్సర్ తగ్గుతుందా అని కూడా కొందరు అడుగుతున్నారు కాబట్టి ఒక్క మాట. దానితో మనుషుల్లో క్యాన్సర్ తగ్గిందని చూపిన సరైన ట్రయల్ లేదు. చికిత్స మాని దాన్ని పట్టుకున్నవారు పోగొట్టుకునేది విలువైన కాలం.

మళ్లీ మనం చూడని వైపుకు వద్దాం. కడుపులో ఆమ్లం ఒక దారి అయితే, కాలేయం రెండో దారి. మందుల్లో చాలావాటిని విరిచేది, కొన్నింటిని పనిచేసే రూపంలోకి మార్చేది అక్కడి ఎంజైములే. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ ఆ ఎంజైములను పరుగులు పెట్టిస్తుంది. దానితో కలిపితే ఎర్లోటినిబ్ రక్తంలో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోతుంది. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర ఇది తేలికగా తీసుకునే విషయం కాదు. ఫంగస్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు దీనికి తలకిందులు, ఎంజైములను ఆపేసి మందు స్థాయిని ప్రమాదకరంగా పెంచుతాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వేసుకునే టామోక్సిఫెన్ కాలేయంలో మారితేనే పూర్తి బలంతో పనిచేస్తుంది. కుంగుబాటుకు ఇచ్చే పరాక్సెటిన్ ఆ మార్పుకు అడ్డుపడుతుంది. కెనడాలోని ఒంటారియోలో టామోక్సిఫెన్‌తో పాటు కుంగుబాటు మందు వాడిన 2,430 మంది మహిళల రికార్డులు చూస్తే, పరాక్సెటిన్‌ను ఎంత ఎక్కువకాలం కలిపి వాడితే రొమ్ము క్యాన్సర్ మరణాలు అంత పెరిగాయని 2010లో తేలింది. ఇదీ రికార్డుల అధ్యయనమే. కానీ ఇక్కడ ఇతర కుంగుబాటు మందులు వాడినవారిలో ఆ పెరుగుదల లేదు, కాలేయంలో జరిగేది ఏమిటో కూడా తెలుసు. అందుకే వైద్యులు దీన్ని పట్టించుకుని వేరే మందు రాస్తారు. క్యాన్సర్ వచ్చిన మనిషికి కుంగుబాటు రావడం సహజం, దానికి చికిత్స మానకూడదు. మందు పేరు మార్చుకుంటే చాలు.

పసుపు సంగతి చెబితే మా ఇంట్లో పెద్దలు నొచ్చుకున్నారు. కూరలో వేసే పసుపుతో ఏ గొడవా లేదు. క్యాప్సూళ్లలో ఉన్నది వేరు. పసుపు సారాన్ని చాలా ఎక్కువ మోతాదులో కుక్కి, అది ఒంటికి పట్టడానికి మిరియాల సారం కలుపుతారు. ఆ మిరియాల సారం మిగతా మందుల లెక్కనూ కదిలిస్తుంది. టామోక్సిఫెన్ వాడే కొద్దిమంది మహిళలపై నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో, పసుపు-మిరియాల సారంతో కలిపినప్పుడు పనిచేసే రూపం రక్తంలో పన్నెండు శాతం దాకా తగ్గింది.

రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ముందు ఏ పొద్దున చూసినా, పొరుగు జిల్లాల నుంచి, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా వచ్చినవారు కనిపిస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన మాత్ర, పట్నంలో గుండె డాక్టరు రాసినది, పక్కింటివారు చెప్పిన పొడి, అన్నీ వారి సంచుల్లోనే ఉంటాయి. వైద్యుడికి ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. అడగకపోవడం ఆయన నిర్లక్ష్యం అని నేను అనలేను. ఆ నిమిషాల్లో చెప్పవలసినదాన్ని మనం సిద్ధం చేసుకుని వెళ్లవచ్చు. మందుల పేర్లు రాసేటప్పుడు కంపెనీ పెట్టిన పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు రాయండి. ఆ పేరు చివర 'ప్రజోల్' అని ఉంటే అది చాలావరకు ఆమ్లాన్ని ఆపే గ్యాస్ మాత్రే అయి ఉంటుంది: ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్. అన్ని క్యాన్సర్ మాత్రలకూ దానితో పేచీ లేదు. ఎర్లోటినిబ్, జెఫిటినిబ్, డాసటినిబ్‌లకు ఉంది, అదే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే ఒసిమెర్టినిబ్‌కు లేదు. అందుకే ఎవరికి వారు ఆపేయడం కాకుండా పేరు పెట్టి అడగాలి. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరున్న వైపు మనకు ఇవ్వమని షాపతనికి చెప్పాలి.

తర్వాతి మంగళవారం పిన్ని డబ్బాను గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. డాక్టరు ఒక్కొక్కటీ చూశారు. గ్యాస్ మాత్ర దగ్గర ఆగి, "ఇది ఎప్పటి నుంచి అమ్మా?" అని అడిగారు. ఆరేళ్లని చెబితే కాసేపు మాట్లాడలేదు. ఏళ్ల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎగదన్ని కొన్ని వారాలు మంట పెరుగుతుందని, అందుకని కొద్దికాలం ఫామోటిడిన్ వాడదామని చెప్పారు. అదీ రాత్రి ఎనిమిదింటికి వేసుకోవాలి, క్యాన్సర్ మాత్ర పొద్దున ఆరింటికి. మధ్యలో పది గంటల ఎడం తప్పకూడదని చీటీ మీద రెండుసార్లు గీత గీశారు. ఆస్పిరిన్ ఎందుకు మొదలుపెట్టారో నల్గొండ డాక్టరుతో ఫోనులో మాట్లాడి నిర్ణయిస్తామన్నారు. క్యాప్సూళ్లు వద్దన్నారు. కాల్షియం ఉండనిచ్చారు.

బయట బెంచీ మీద మందుల కోసం ఎదురుచూస్తుంటే, పక్కన కూర్చున్న ఒకావిడ పిన్ని చేతిలోని డబ్బాను చాలాసేపటి నుంచి చూస్తోంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిందట, తన భర్తకు కూడా ఊపిరితిత్తులేనని చెప్పింది. కొంగు ముడి విప్పి కత్తిరించిన స్ట్రిప్పు ముక్క ఒకటి తీసి, "ఇది పొద్దున పరగడుపున ఏస్తున్నా అక్కా, దేనికో చూస్తవా?" అని అడిగింది. పిన్ని కళ్లజోడు సర్దుకుని, ఆ వెండి రేకును కిటికీ వెలుతురు వైపు తిప్పింది. పేరులో ముందు సగం కత్తెరకు పోయింది. మిగిలిన అక్షరాలను పిల్లలతో చదివించినట్టు కూడబలుక్కుంటూ "ప్ర... జోల్" అని చదివి, డాక్టరు గది తలుపు వైపు చూసి, "ఆయన ఇంకా లోపలే ఉన్నారు, పద, అడుగుదాం" అంటూ లేచింది.